ఇరవై ఎనిమిది

సోమవారం ఉదయం ల్యాబ్ తలుపు తీశాక ఆమె చేసే మొదటి పని తన చేతికి తానే సూది గుచ్చుకోవడం. రబ్బరు పట్టీని ఎడమ జబ్బకు చుట్టి, ఒక కొస పళ్లతో పట్టుకుని, రెండో కొస కుడిచేత్తో లాగి బిగిస్తుంది. నరం వెతుక్కోనక్కర్లేదు. నాలుగేళ్లుగా అదే చోటు, అక్కడ చర్మం కాయ కాసినట్టయింది. రెండు మిల్లీలీటర్లు తీసి ఎర్రమూత గొట్టంలో పోసి స్టాండులో నిలబెడుతుంది. రక్తం గడ్డకట్టేలోపు నేల తుడిచి, కంప్యూటర్ ఆన్ చేసి, టీ పెట్టుకుంటుంది. టీలో మూడు చెంచాల చక్కెర. ఇంటి దగ్గర ఏమీ తినకుండా బయల్దేరుతుంది కాబట్టి టీతో నాలుగు బిస్కెట్లు. మధ్యాహ్నం జనం ఎక్కువగా ఉంటే మళ్లీ అవే.

గొట్టాన్ని గిరగిర తిప్పే యంత్రంలో పెట్టి పది నిమిషాలకు తీస్తే అడుగున ఎర్రముద్ద, పైన గడ్డిరంగు నీరు. ఆ నీరే సీరం. ఆ సోమవారం అది మసగ్గా ఉంది. ఈమధ్య అలాగే ఉంటోంది. ఆదివారం తిన్న తిండి తేడా అనుకుంది.

లివర్ కణాలు దెబ్బతింటే వాటిలోని ఎంజైమ్ రక్తంలోకి కారుతుంది. దాన్ని లెక్కపెట్టే పరీక్ష ఎస్‌జీపీటీ. నలభై లోపుంటే నార్మల్ అని రిపోర్టు మీద అచ్చయి ఉంటుంది. మెషీన్ సరిగ్గా లెక్కపెడుతోందో లేదో తెలియాలంటే ముందే అంకె తెలిసిన సీరం ఒకటి పెట్టి చూడాలి. అది సీసాల్లో వస్తుంది, కంట్రోల్ అంటారు. పాత ఓనరు తెప్పించేవాడు. కొత్త ఓనరు మానేశాడు. మెషీన్ బాగుచేసే మెకానిక్ ఒక ఉపాయం చెప్పాడు. మెషీన్ లోపలి బల్బు పాతబడుతున్నకొద్దీ అంకె అటూ ఇటూ అవుతుంటుంది, నీకు తెలిసిన రక్తం పెట్టి చూసుకో, తేడా వస్తే లోపల ఫ్యాక్టర్ అని ఒక అంకె ఉంటుంది, మెషీన్ దాంతో గుణించే లెక్క చెబుతుంది, దాన్ని మార్చుకో అన్నాడు. ఆమెకు తెలిసిన రక్తం తనదే. అప్పట్లో నగరంలోని పెద్ద ల్యాబ్‌కు పంపిస్తే ఇరవై ఎనిమిది వచ్చింది. మనిషి సన్నం. జ్వరమొచ్చి పడుకున్న రోజు ఎవరికీ గుర్తులేదు. మద్యం వాసన కూడా గిట్టదు. ఇంతకంటే మంచి కొలత ఎక్కడ దొరుకుతుంది? ఓనరు ఎవరికైనా ఆమెను చూపించేటప్పుడు "ఈవిడే మా నార్మల్" అనేవాడు. ఆమె తల వంచుకునేది గాని, ఆ మాట ఆమెకు ఇష్టమే.

ఆ రోజు తెర మీద ఇరవై తొమ్మిది వచ్చింది. ఫ్యాక్టర్ కొంచెం తగ్గించి మళ్లీ పెట్టింది. ఇరవై ఎనిమిది. నోటుబుక్కులో రాసి సంతకం చేసింది.

బస్సు డ్రైవరు తొమ్మిదింటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, యూనిఫాం చొక్కా, చేతిలో నాలుగు మడతల కాగితం. అడగకుండానే కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు. మూడేళ్లుగా ఇన్సూరెన్సు కోసం ఇక్కడికే వస్తున్నాడు కాబట్టి పద్ధతి తెలుసు. ఆమె పట్టీ బిగిస్తుండగా చెప్పాడు. డిపోలో ఏటా జరిగే వైద్య పరీక్షలో ఈసారి కొత్తగా లివర్ కూడా చూశారట, అంకె నూట పది వచ్చిందట. మెడికల్ ఆఫీసరు కాగితంలోంచి తల ఎత్తకుండా ఎంత తాగుతావని అడిగాడట. తాగనన్నాడు. అందరూ ఆ మాటే అంటారని ఆఫీసరు అన్నాడట. ఆ సాయంత్రమే స్టీరింగు మీంచి దింపి గేటు దగ్గర కుర్చీ వేశారు. వచ్చే బస్సు నంబరు, పోయే బస్సు నంబరు రాయడం పని. కాగితంలో "మద్యపాన అనుమానం" అని రాశారు.

"ఇరవై రెండేళ్లమ్మా. బస్సుకి ఒక్క గీత పడలేదు. మా వాళ్లు నాకు సోడా అని పేరు పెట్టారు. పదిమందీ సీసా విప్పితే నా చేతిలో తియ్యసోడా పెట్టి, నువ్వు మమ్మల్ని ఇంటికి చేర్చరా అనేవాళ్లు. ఇప్పుడు వాళ్లే గేటు దగ్గర బస్సాపి, సోడాలో ఏం కలుపుతున్నావురా అని అడుగుతున్నారు."

ఆమె పిడికిలి వదలమంది. దూది పెట్టి చెయ్యి మడిచింది. గంట తర్వాత రిపోర్టు ఇచ్చింది. ముప్పై తొమ్మిది.

డ్రైవరు ఆ అంకెను రెండుసార్లు చదివాడు. పోయినేడు ఇక్కడ ముప్పై ఆరు, ఆ ముందేడు ముప్పై ఒకటి అని, ఏడాదిలో నూట పది ఎలా అవుతుందని అడిగాడు.

"అవదు. వాళ్ల మెషీన్‌ని చూపించుకోమనండి" అందామె.

*

మంగళవారం ఆయన మళ్లీ వచ్చాడు. ఆఫీసరు రిపోర్టు చూసి బల్ల మీద పడేశాడట. బయటి కాగితాలు ఎవరైనా తెస్తారు, మీ ల్యాబ్‌వాళ్లు మెషీన్ ఎలా సరిచూస్తారో రాసి సంతకం పెట్టివ్వమను, శుక్రవారం పదకొండింటికి కమిటీ కూర్చుంటుంది, అప్పుడు చూద్దాం అన్నాడట. ఇది చెబుతూ డ్రైవరు సంచిలోంచి ఎర్రరంగు సోడా సీసా తీసి మూడు గుక్కలు తాగి మూత పెట్టాడు. రోజుకు నాలుగు సీసాలవుతాయని, డ్యూటీలో నిద్ర రాకుండా అలవాటైందని అన్నాడు.

కౌంటరు వెనక కూర్చున్న ఓనరుకు సంగతి నచ్చింది. డిపో ఆసుపత్రి రిపోర్టు మీద మన రిపోర్టు నెగ్గితే ఇక డిపో అంతా మన గుమ్మంలోనే ఉంటుందన్నాడు. ఉత్తరం గట్టిగా రాయమని ఆమెకు చెప్పాడు.

ఆమె గట్టిగానే రాయాలనుకుంది. అందుకని ఎవరూ అడగని పని ఒకటి చేసింది. ఇక్కడ కుదరని పరీక్షల కోసం నగరంలోని పెద్ద ల్యాబ్ మనిషి రోజూ మధ్యాహ్నం ఐసుపెట్టెతో మోటారుసైకిల్ మీద వస్తాడు. అతనికి రెండు గొట్టాలిచ్చింది. ఒకటి డ్రైవరుది. రెండోదాని మీద "కంట్రోల్" అని రాసింది, అది తన సీరం. నోటుబుక్కులో ఆ పక్కనే ముందుగానే 28 వేసి, పెద్ద ల్యాబ్ అంకె కోసం ఒక గడి ఖాళీగా ఉంచింది. రెండూ సరిపోతే ఉత్తరానికి అది కూడా జతచేయొచ్చు, అప్పుడు ఆఫీసరు ఏమంటాడో చూద్దాం అనుకుంది.

*

బుధవారం సాయంత్రం కాగితం వచ్చింది. డ్రైవరుకు నూట పది. కంట్రోల్‌కు డెబ్బై తొమ్మిది.

ఆమె పెద్ద ల్యాబ్‌కు ఫోన్ చేసింది. గొట్టాలు తారుమారయ్యాయేమో చూడమంది. అటువైపు అమ్మాయి చూసి, లేదు మేడమ్, తేడాగా ఉంటే మేము రెండుసార్లు పెడతాం, రెండుసార్లూ అంతే వచ్చింది అంది. డిపో ఆసుపత్రి రక్తాలు కూడా మీ దగ్గరికే వస్తాయా అని ఆమె అడిగింది. రావు, వాళ్లకు సొంత మెషీన్ ఉందని ఆ అమ్మాయి చెప్పింది. ఆమె ఫోన్ పెట్టేసి నోటుబుక్కులో ఖాళీగా ఉన్న గడిలో 79 వేసింది. ఒకరినొకరు ఎరగని రెండు మెషీన్లు ఒక మనిషికి నూట పది అన్నాయి. మూడోది ముప్పై తొమ్మిది అంది. ఆ మూడోది తనది.

ఇంటి ముందుగది భర్త కుట్టుదుకాణం. ఆమె వెళ్లేసరికి ఆయన బల్ల మీద కొత్త టేపు, పాత టేపు పక్కపక్కన పరిచి, వాటి పక్కన ఇనుప స్కేలు పెట్టి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూస్తున్నాడు. తన ఒంటి చుట్టుకొలత తీయాలంటే రెండు టేపులు ముడెయ్యాలని తన మీద తానే జోకులేసుకునే మనిషి. ఇవాళ జోకులు లేవు. హోటల్ పనివాళ్ల చొక్కాలు ఇరవై వెనక్కొచ్చి మూల కుప్పగా పడి ఉన్నాయి. అన్నీ వదులయ్యాయట.

"టేపు సాగిందోయ్. అరంగుళం పైనే."

"ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదేం?"

"ఎలా అంటారు? దీంతోనే కొలిచి దీంతోనే కోస్తుంటే సరిపోతుంది కదా. ఈ హోటల్‌వాళ్లు కొలతలు వాళ్లే తీసి కాగితం మీద రాసి పంపించారు. బయటి కొలత వచ్చేసరికి దొరికిపోయాను."

ఆయన కత్తెర తీసుకుని పాత టేపును నాలుగు ముక్కలు చేశాడు. మళ్లీ పొరపాటున చేతికి రాకుండా. ఆమె భుజానికి సంచి, చేతిలో టిఫిన్ డబ్బా అలాగే పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఏమైందని అడిగితే ఏమీ లేదంది.

భోజనాల దగ్గర ఆయన కంచం జరిపాడు. "నాది ముప్పై ఏడే కదా. ఇంకాస్త వెయ్యి." రెండేళ్లుగా ఆయన రోజూ అనే మాట. ఏటా ఆయన రక్తం తీసేదీ ఆమే, అంకె చెప్పేదీ ఆమే. లావుగా ఉన్నా లోపల బాగుందని ఆమె అన్నందుకే ఆ మాట పుట్టింది. ఆమె గరిటె గిన్నెలో పెట్టి పట్టుకుంది. పైకి తీయలేదు.

"ఏమోయ్, అయిపోయిందా?"

"అయిపోయింది" అని గిన్నె మూత పెట్టేసింది.

*

గురువారం ఆమె ఆరింటికే ల్యాబ్ తెరిచింది. బీరువాలోంచి నాలుగేళ్ల నోటుబుక్కులు దించి బల్ల మీద పరిచింది. ప్రతి సోమవారం ఒక గీత, గీతకు కుడివైపు తన అంకె, దాని పక్కన ఫ్యాక్టర్, కింద ఆ వారం వచ్చినవాళ్ల పేర్లు, వీధులు, అంకెలు. తన అంకె ఎక్కడ చూసినా 28. ఇన్నాళ్లూ ఆమె చూసుకున్నది ఆ వరుసే. ఇప్పుడు దాని మీద చెయ్యి అడ్డం పెట్టి పక్క వరుస చదివింది. మొదటి పేజీలో 1746. నెల తర్వాత 1730. ఏడాది చివర 1390. రెండో బుక్కులో ఒకచోట బల్బు కొత్తది వేసినట్టు తన చేతిరాతే ఉంది. ఆ రోజు కూడా అంకె పెరక్కుండా ఫ్యాక్టర్ తగ్గించి ఉంది. మూడో బుక్కు చివర 870. మొన్న సోమవారం 618.

కిట్ పెట్టెలో ఉండే కాగితం తీసింది. ఎప్పుడూ ఒకటే ఉంటుందని చదవడం మానేసిన కాగితం. అందులో ఫ్యాక్టర్ 1746 అని అచ్చయి ఉంది. మెషీన్‌లో ఆ అంకె కొట్టి తన సీరం పెట్టింది. నిమిషం పట్టింది. డెబ్బై ఎనిమిది.

ఫ్రిజ్‌లో ఆ వారం మిగిలిన గొట్టాలు ఆరున్నాయి. ఆరింటికీ నార్మల్ అని రిపోర్టులు వెళ్లాయి. ఒక్కొక్కటే పెట్టింది. నాలుగింటి అంకె నలభై దాటింది. వాటిలో ఒకటి పక్కవీధి టీచరుది, నూట నాలుగు. సోమవారం ఆవిడ రిపోర్టు తీసుకుని, హమ్మయ్య అని నవ్వి వెళ్లింది. నిజంగా కామెర్లొచ్చినవాళ్ల అంకెలు వేలల్లో ఉంటాయి కాబట్టి మూడోవంతుకు తగ్గినా ఎక్కువగానే కనబడేవి. దొరకనివాళ్లంతా మధ్యలోవాళ్లు. కొవ్వు పట్టి, నొప్పి లేకుండా, మెల్లగా పాడవుతున్నవాళ్లు. ఎదురు క్లినిక్ డాక్టరు ఒకసారి, మీ ల్యాబ్‌కి వచ్చేవాళ్ల లివర్లన్నీ బాగుంటాయమ్మా అన్నాడు. ఆమె దాన్ని మెప్పుగా తీసుకుంది.

ఓనరు వచ్చాక బుక్కులు ముందు పెట్టి చెప్పింది. అతను నెమ్మదస్తుడు. అంతా విన్నాడు. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఒక్కసారిగా అంకెలు పెంచితే జనం గుమ్మం ముందుకొస్తారన్నాడు. తర్వాత తనకు తోచింది చెప్పాడు.

"ఎలా దిగిందో అలాగే ఎక్కించు. నెలకింత, నెలకింత. ఏడాదికల్లా దారిలో పడుతుంది. ఎవరికీ తెలీదు."

"ఏడాదిపాటు వాళ్ల లివర్లు ఆగుతాయా సార్?"

"నువ్వేమన్నా వాళ్లకి జబ్బు తెచ్చిపెట్టావా?" అన్నాడు ఓనరు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ డ్రైవరు సంగతి చూడు. నువ్వు ఉత్తరం రాసిస్తే రేపు బస్సెక్కుతాడు. రాయకపోతే తాగుబోతుగా గేటు దగ్గరే కూర్చుంటాడు. నిజం చెప్పి ఆయన స్టీరింగు లాక్కుంటావా?"

ఆమె నోటుబుక్కులు సర్ది బీరువాలో పెట్టింది. తాళం తన కొంగున కట్టుకుంది.

మధ్యాహ్నం ఎదురు క్లినిక్‌కు వెళ్లి స్కాన్ చేయించుకుంది. డాక్టరు తెర ఆమె వైపు తిప్పి, లివర్ తెల్లగా కనబడటం లేదూ, అదంతా కొవ్వు అన్నాడు. ఇంకా గట్టిపడలేదు, సమయానికే వచ్చారు అన్నాడు. మందులు రాయలేదు. చక్కెర, బిస్కెట్లు మానమన్నాడు. వేళకు తినమన్నాడు. రోజూ నలభై నిమిషాలు నడవమన్నాడు. మూడు నెలలకు మళ్లీ రక్తం చూపించమన్నాడు. చీటీ తీసుకుని ఆమె లేవలేదు.

"నేను సన్నగానే ఉంటాను కదండీ."

"సన్నగా ఉన్నవాళ్లకి రాదని ఎవరు చెప్పారమ్మా మీకు?"

ఆమె చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది.

*

శుక్రవారం తొమ్మిదిన్నరకు డ్రైవరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. ఉత్తరం పెట్టుకోవడానికి కొత్త ప్లాస్టిక్ ఫోల్డరు తెచ్చాడు. ఓనరు కౌంటరు దగ్గర పేపరు చదువుతున్నాడు, పేజీ తిప్పడం లేదు. ఆమె డ్రైవరును లోపలికి, రక్తం తీసే గదిలోకి పిలిచి కుర్చీ చూపించింది. ఆయన అలవాటుగా చెయ్యి చాపాడు. అక్కర్లేదంది.

నోటుబుక్కుల్లో కనబడిందంతా నిలబడే చెప్పింది. సొంత రక్తంతో మెషీన్ సరిచూడటం, ఆ రక్తమే చెడుతూ రావడం, దానికి సరిపడా మెషీన్‌ని దింపుకుంటూ పోవడం. ముప్పై తొమ్మిది తప్పు, నూట పది నిజం. పోయినేటి ముప్పై ఆరూ తప్పే. ఆయన ఫోల్డరు అంచు గోటితో గీకుతూ విన్నాడు.

"ఆఫీసరు స్కాన్ కూడా తీయించాడమ్మా. గట్టిపడటం మొదలైందని రాశారు. మీకు చూపించలేదు. మీ అంకె చూశాక అది కూడా తప్పే అనుకున్నాను."

ఆమె స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"మూడేళ్ల కిందటే తెలిస్తే?" అన్నాడు.

"మానేవాళ్లు. తగ్గేది."

"ఏం మానేవాణ్ణి? నేనేం తాగానని?"

ఆమె ఆయన సంచి వైపు చూసింది. సీసా మెడ బయటికి కనబడుతోంది. ఆయన కూడా చూశాడు. రోజుకు నాలుగు సీసాల చక్కెర నీళ్లు, పన్నెండు గంటల కూర్చోవడం, ఆ రెండూ చాలని ఆమె చెప్పింది. తనకు టీ, బిస్కెట్లు చాలాయని కూడా చెప్పింది. డ్రైవరు సీసా బయటికి తీసి, ఎప్పుడూ చూడనివాడిలా చుట్టూ తిప్పి చూశాడు. "తాగనివాడినని దీన్ని నా చేతిలో పెట్టారు" అన్నాడు. తర్వాత సీసాను చేతులు కడిగే తొట్టి పక్కన పెట్టేశాడు.

ఆమె ఆయన ఫోల్డరులో మూడు కాగితాలు పెట్టింది. ముప్పై తొమ్మిది తప్పని రాసి సంతకం చేసిన ఉత్తరం. పెద్ద ల్యాబ్ ఇచ్చిన ఆయన రిపోర్టు, నూట పది. పెద్ద ల్యాబ్ ఇచ్చిన తన రిపోర్టు, డెబ్బై తొమ్మిది.

"వీటితో నన్ను బస్సెక్కనిస్తారా?"

"ఎక్కనివ్వకపోవచ్చు. కానీ తాగుబోతు అని రాసిన మాట కొట్టేయించొచ్చు. నేనూ వస్తాను."

ఆయన కౌంటరు వైపు తల తిప్పి, మీ ఉద్యోగం మాటేంటి అన్నాడు. ఆమె తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించింది. ఓనరు పేపరు దించి, ఆ గుమ్మం దాటితే మళ్లీ రానక్కర్లేదమ్మా అన్నాడు. అరవలేదు. మామూలుగానే అన్నాడు.

కమిటీ గదిలో ముగ్గురున్నారు. మెడికల్ ఆఫీసరు ఫోల్డరు తెరిచి పైకాగితం చదివాడు. రెండోది పక్కన పెట్టాడు. మూడోది చేతిలోకి తీసుకుని, కళ్లెత్తకుండా, ఏళ్ల అలవాటుతో అడిగాడు.

"ఎంత తాగుతావు?"

"అది నా రిపోర్టండి. నేను తాగను" అంది ఆమె.

ఆఫీసరు అప్పుడు తల ఎత్తాడు. ఎదురుగా నలభై ఆరేళ్ల ఆడమనిషి, చేతికి గడియారం, భుజాన సంచి, ఎడమచేతి మడతలో సూది కాయలు. ఆయన నోటి దాకా ఏదో వచ్చింది. డ్రైవరు ఆ మాట కోసం ఎదురుచూస్తున్నాడు. అందరూ ఆ మాటే అంటారన్నది బయటికి రాలేదు. ఆఫీసరు కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు. వెనక ఏమీ లేదు.

పావుగంటలో తేల్చారు. మద్యపాన అనుమానం అన్న మాట ఎర్రసిరాతో కొట్టేశారు. లివర్ బాగుపడేదాకా స్టీరింగు లేదన్నారు. మూడు నెలలకొకసారి పరీక్ష, అప్పటిదాకా గేటు. డ్రైవరు సంతకం చేసేటప్పుడు కొట్టేసిన మాట మీద వేలు పెట్టి ఒకసారి చదువుకున్నాడు. బయటికొచ్చాక ఆమెకు దండం పెట్టలేదు, తిట్టనూ లేదు. ఎండలో నిలబడి, ఆ బుక్కుల్లో మా డిపోవాళ్లు ఎంతమంది ఉంటారమ్మా అని అడిగాడు.

*

శని, ఆదివారాలు ఆమె కుట్టుబల్ల మీద కూర్చుని రాసింది. అంతకుముందే, శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్ మూసి ఉన్న సమయంలో వెళ్లి, కొంగునున్న తాళంతో బీరువా తెరిచి పేర్లు దించుకొచ్చింది. బుక్కులు, బీరువా తాళం అక్కడే పెట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి తలుపు కిందనుంచి లోపలికి తోసి వచ్చేసింది. తన లెక్కలో పదిహేను దాటి నలభై లోపున్న ప్రతి మనిషీ మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. నాలుగు వందల పన్నెండు మంది అయ్యారు. ఒక్కొక్కరికి ఒక కాగితం. మీకిచ్చిన అంకె తప్పు. దయచేసి వేరేచోట మళ్లీ చూపించుకోండి. పొరపాటు నాది. కింద సంతకం. భర్త కాగితాలు మడిచి కవర్లలో పెట్టాడు. మొదటి కవరు ఆయనకే ఇచ్చింది. ఆయన విప్పి చదివి, చొక్కా జేబులో పెట్టుకుని, ఆ పూట కంచం ముందు కూర్చుని రెండోసారి ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని ఆమెకు అనిపించింది.

సోమవారం పొద్దున చేతికి పట్టీ కట్టుకోనక్కర్లేకపోయింది. చక్కెర లేని టీ తాగింది, వదిలేయాలనిపించింది గాని పూర్తిచేసింది. సంచిలో డిపోవాళ్ల కవర్లు నలభై మూడు పెట్టుకుని, ఆటో ఎక్కకుండా నడిచి బయల్దేరింది. రోజుకు నలభై నిమిషాలన్నాడు డాక్టరు. మిగతా కవర్లు ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేసరికి అంతకు పదింతలవుతుంది.

గేటు పక్కన రేకు కప్పు కింద కుర్చీలో డ్రైవరు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద రిజిస్టరు, పెన్ను, స్టీలు గ్లాసులో నీళ్లు. ఆమె కవర్లు ఇచ్చి, ఏ కవరూ విప్పొద్దు, వాళ్ల చేతికే ఇవ్వండి అని చెప్పింది. ఆయన పేర్లు మాత్రం ఒక్కొక్కటే చదువుతూ బల్ల మీద పేర్చాడు. కొన్నిచోట్ల ఆగాడు. ఒక కవరు దగ్గర చాలాసేపు ఆగి, దాన్ని పైన పెట్టాడు.

మొదటి బస్సు లోపల్నుంచి వచ్చి గేటు దగ్గర ఆగింది. కిటికీలోంచి పొట్టతో సహా ముందుకు వంగిన డ్రైవరు నంబరు చెప్పకుండా నవ్వాడు.

"ఏం సోడా, కమిటీ పెద్దలకి కూడా పోశావటగా? ఏ బ్రాండేంటి?"

వెనక సీట్లలో ఎవరో కిసుక్కుమన్నారు. గేటు దగ్గరి డ్రైవరు లేచాడు. ఆయన ఇప్పుడేమైనా అంటాడని, అనే హక్కు ఉందని ఆమె చూస్తోంది. ఆయన పైనున్న కవరు తీసి, చెయ్యి చాపి, కిటికీలోంచి అందించాడు.

"బావా, ఇది చదివి బండి తియ్యి" అన్నాడు. "భయపడకు. నాకూ ఉంది."

వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుని, బస్సు నంబరు, వేళ రిజిస్టరులో రాసి, పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. పైన కిటికీలో కవరు చింపిన చప్పుడైంది. ఇంజను తిరుగుతూనే ఉంది. గేటు తెరిచే ఉంది.

వెనక బస్సు హారన్ కొట్టింది. ముందు బస్సు కదల్లేదు.